ఆకలేసిన ఈస్టు, మా నాయన ఒక్కపొద్దు

ఈస్టు మీద పరిశోధన చేస్తున్నానని చెప్తే మా హిందూపురంలో నవ్వని మనిషి లేడు. మా నాయనది బేకరీ. బన్నులు, రస్కులు, సాయంత్రం పూట వెన్న బిస్కట్లు. ఈస్టు డబ్బా మా ఇంట్లో ఉప్పు డబ్బా పక్కనే ఉండేది. "బన్ను పొంగేదానికి బెంగుళూరు పోయి చదవల్లనా? మీ నాయన్ను అడిగితే చెప్పడా?" అని పక్కంగడి బట్టల సేటు కనబడినప్పుడల్లా అడిగేవాడు. ఆయన కొడుకు ఇంటరు పరీక్ష దండయాత్రలా మళ్లీ మళ్లీ రాస్తున్న కాలం అది. ఆ సంగతి నేను ఎప్పుడూ ఎత్తలేదు, నాకు పెంపకం ఉంది కాబట్టి.

మేము ఇంట్లో తెలుగు మాట్లాడే ముస్లింలం. ఉర్దూ రాదని ఒక వీధి వాళ్లు, నమాజు చేస్తామని ఇంకో వీధి వాళ్లు మమ్మల్ని వింతగా చూసేవారు. రెండు వీధుల వాళ్లూ బన్నులు మాత్రం మా అంగట్లోనే కొనేవారు. అందుకని మా నాయనకు ఎవరి మీదా కోపం ఉండేది కాదు. ఆయన వంతు కోపం కూడా నాకే వచ్చింది.

తొంభైల చివర బెంగుళూరులో పీహెచ్‌డీ చేశాను. ఈస్టు కణాలను ఆకలికి మాడ్చి, లోపల ఏం జరుగుతుందో చూడడం నా పని. తిండి దొరకనప్పుడు కణం లోపల ఒక పలుచని పొర పుడుతుంది. మొదట రేకులా ఉండి, తర్వాత దొన్నెలా వంగి, దొరికిన సామానంతా లోపలేసుకుని మూతి మూసుకుంటుంది. ఆ మూట పోయి రిక్తిక అనే పెద్ద సంచిలో పడుతుంది. అక్కడి ఎంజైములు దాన్ని అరగదీస్తాయి. అరిగినదానితో కణం ఇంకొంతకాలం ప్రాణం నిలుపుకుంటుంది. దీన్ని ఆటోఫజీ అంటారు. తనను తాను తినడం అని అర్థం.

ఆ పొర ఊరికే వంగదు. దాన్ని పుట్టించడానికి, వంచడానికి, మూయడానికి ప్రొటీన్లు గుంపుగా వచ్చి అంటుకుంటాయి. నీళ్లలో తేలాడే ప్రొటీను కొవ్వుతో చేసిన పొరకు ఎలా అంటుకుంటుంది? నా కొన్నేళ్ల జీవితాన్ని ఈ ఒక్క ప్రశ్న మింగేసింది. కణాలను గాజుపూసలతో కలిపి గిలకొట్టి పగలగొట్టేదాన్ని. మెషీన్లో గిర్రున తిప్పితే పొరలు అడుక్కు చేరేవి, నీళ్లు పైన తేలేవి. నాకు కావలసిన ప్రొటీను అడుగున ఉందా, పైన ఉందా? అడుగున ఉంటే ఉప్పునీళ్లతో కడిగి చూడాలి. ఉప్పుకు ఊడిపోతే పైపైన తగులుకుందని అర్థం. ఉప్పుకు లొంగక, సబ్బులాంటి మందుకు మాత్రమే వదిలితే అది కొవ్వులో పాతుకుపోయిందన్నమాట. అందులో ఒక చిన్న ప్రొటీను మరీ విచిత్రం. కొన్ని ఎంజైములు దాని తోక కత్తిరించి, చేతులు మార్చుకుంటూ తెచ్చి, పొరలోని కొవ్వుకే అతికిస్తాయి. మూట బయటి వైపున్న వాటిని మళ్లీ కోసి విడిపిస్తాయి. లోపలి వైపు అంటుకున్నవి మాత్రం చెత్తతో పాటే అరిగిపోతాయి.

ఇందులో జీవితసత్యం వెతికేవాళ్లు ఉంటారు. వాళ్లకు దూరం నుంచే దండం. ఫలితం వచ్చినప్పుడు "మనం కనుక్కున్నాం" అని, రానప్పుడు "నువ్వు సరిగా చేయలేదు" అని చెప్పే గైడు దగ్గర చదివిన నాకు సత్యాల మీద మోజు లేదు. అంటుకుందా, అంటుకోలేదా, అంతే.

పట్టా చేతికొచ్చాక ధర్మవరంలో ఒక డిగ్రీ కాలేజీలో ఉద్యోగం దొరికింది. పొద్దున హిందూపురంలో ప్యాసింజరు ఎక్కితే పెనుకొండ మీదుగా ధర్మవరం. సాయంత్రం మళ్లీ అదే దారి. ఆ కాలేజీలో మంచి మైక్రోస్కోపు ఒకటి ఉండేది. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. పిల్లలు ముట్టుకుంటే పాడవుతుందట. సంవత్సరానికి ఒకసారి తనిఖీవాళ్లు వచ్చినప్పుడు తీసి, పసుపు గుడ్డతో తుడిచి, బల్ల మీద పెట్టేవారు. వాళ్లు పోగానే మళ్లీ బీరువాలోకి. ఆయుధపూజ నాడు దానికి కుంకుమ బొట్టు కూడా పెట్టేవారు. దానిలోంచి ఎవరూ ఏమీ చూడలేదు.

అట్లాంటి రోజుల్లో మా ఊరి పెద్దలకు నా మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టింది. వాళ్లొక సంఘం పెట్టుకుని, ఊరికి పేరు తెచ్చిన వాళ్లను పట్టుకొచ్చి శాలువా కప్పుతుండేవారు. అప్పటికి కప్పదగిన వాళ్లంతా అయిపోయారనుకుంటాను, నా దాకా వచ్చింది. నేను రానన్నాను. మా నాయన కొత్త చొక్కా కుట్టించుకుని వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఇంకేం చేస్తాను, వెళ్లాను.

వేదిక మీద నా పక్కన పెనుకొండ నుంచి వచ్చిన ప్రకృతి వైద్యుడు కూర్చున్నాడు. కొండ కింద రేకుల షెడ్డులో శిబిరం నడిపేవాడు. అంతకు ముందు ఎరువుల అంగడి పెట్టి నష్టపోయాడని పెనుకొండ వాళ్లే చెప్పారు. తెల్ల లుంగీ, తెల్ల జుబ్బా, మెడలో రుద్రాక్షలు. పొలాలకు మందు అమ్మినాయన మనుషులకు మందు వద్దని చెప్పడం మొదలుపెట్టాడన్నమాట. ఎట్లైనా బతకాలి కదా.

నన్ను మాట్లాడమన్నారు. ఊరి వాళ్లకు అర్థమయ్యేలా రెండు మాటల్లో చెప్పాను. "ఆకలి వేసిన ఈస్టు కణం తనలోని సామాను తానే తిని కొంతకాలం బతుకుతుంది. అది ఎలా తింటుందో నేను చూశాను." ఇందులో అబద్ధం లేదు, అతి లేదు. చప్పట్లు కొట్టారు. వైద్యుడు అందరికంటే గట్టిగా కొట్టాడు. రొట్టె విరిగి నేతిలో పడ్డవాడి ముఖం ఎట్లా ఉంటుందో ఆ రోజే చూశాను.

రెండు రోజులకు జిల్లా పేపర్లో నా ఫోటో వచ్చింది. పైన పెద్ద అక్షరాలతో "తిండి మానితే రోగాలు మాయం: హిందూపురం శాస్త్రవేత్త పరిశోధన". కింద వార్తలో ఈస్టు అన్న మాట ఒక్కచోట కూడా లేదు. షుగరు, బీపీ, కీళ్లనొప్పులు మాత్రం వరసగా ఉన్నాయి. నేను విలేకరిని పట్టుకుని అడిగాను. "ఈస్టు అని రాస్తే ఎవరు చదువుతారు మేడం? మీకు పేరొచ్చింది కదా, సంతోషపడండి" అన్నాడు. తప్పు దిద్దుతూ నేను రాసిచ్చిన కాగితం ఏమైందో ఆయనకే తెలియాలి.

ఆ తర్వాత పెనుకొండ స్టేషను గోడ మీద నా ముఖం కనిపించింది. శిబిరం పోస్టరు. రుద్రాక్షల ఆయన ఒక పక్క, శాలువా కప్పుకున్న నేను ఇంకో పక్క, మధ్యలో ఒక బొప్పాయి పండు. ఆ సాయంత్రం అక్కడే రైలు దిగి నేరుగా షెడ్డుకు పోయాను. ఆయన లేచి నిలబడి, తేనె కలిపిన నిమ్మనీళ్లు ఇచ్చాడు.

"మీరు నా ఫోటో తీసేయండి. నేను చూసింది ఈస్టు కణంలో. మనిషికి తిండి మాన్పించి రోగం నయం చేయమని నేను ఎక్కడా చెప్పలేదు" అన్నాను.

"కోపం తెచ్చుకోవద్దు మేడం. మీరు చిన్న కణంలో చూసినారు, నేను పెద్ద మనిషిలో చూస్తాండా. అంతే తేడా" అన్నాడు.

ఆ చిన్నకూ పెద్దకూ మధ్య ఎంత దూరమో చెప్పబోయాను. చాప మీద పడుకున్న రోగులంతా లేచి నాకు నమస్కారాలు పెట్టారు. ఒకావిడ నా కాళ్లకు దండం పెట్టబోయింది. నేను అక్కడి నుంచి పరుగులాంటి నడకతో బయటపడ్డాను. నిమ్మనీళ్లు మాత్రం బాగున్నాయి, అది ఒప్పుకోవాలి.

ఊరు నవ్వుకుంటే నవ్వుకునేది, పెనుకొండలో పచ్చి బొప్పాయి తిని ఎవరి కడుపు నొప్పి వాళ్లు పడేవాళ్లు. నేను చూసీ చూడనట్టు ఉండిపోయేదాన్నే. నా భయం ఇంట్లో ఉంది. మా నాయనకు షుగరు.

ఆయనకు పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర. మాత్ర వేసుకుంటే వేళకు తినాలి. తినకపోతే షుగరు పడిపోయి ప్రాణం మీదికి వస్తుందని, రంజాను ఒక్కపొద్దులు ఉండొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. మసీదు పెద్దాయన కూడా "రోగం ఉన్నోనికి దేవుడే సడలింపు ఇచ్చినాడప్పా, నీ బదులు ఒక పేదకు అన్నం పెట్టు" అన్నాడు. నాయన పెట్టాడు. అయినా ఆయన ముఖం తేటపడలేదు. మా అంగట్లో ఇఫ్తార్ వేళకు అందరూ సమోసాలకు, బన్నులకు ఎగబడేవారు. ఈయన మాత్రం మధ్యాహ్నం పూట గోనెపట్టా తెర వెనక, మైదా మూటల మధ్య కూర్చుని దొంగలా అన్నం తినేవాడు. "ఏమప్పా, ఒక్కపొద్దు లేవా?" అని ఎవరో ఒకరు అడగనే అడుగుతారు. మన వాళ్లకు ఇంకొకరి కడుపులో ఏముందో తెలుసుకోవడం కంటే ముఖ్యమైన పని లేదు.

పేపర్లో వచ్చిన ముక్కను నాయన కత్తిరించి, లామినేషను చేయించి, గల్లాపెట్టె పైన తగిలించాడు. వచ్చినవాళ్లకు చదివి వినిపించేవాడు. నేను తీసేయమంటే "ఉండనీ పాపా, ఉంటే ఏం పోయె?" అనేవాడు. రంజాను నెల దగ్గరికొచ్చింది. ఒక రోజు అన్నం తింటూ, ఎటో చూస్తూ అన్నాడు. "ఈసారి నేను ఒక్కపొద్దులు ఉంటా."

అమ్మ గరిటె కింద పెట్టేసింది. నేను అరిచాను. "డాక్టరు ఏం చెప్పినాడు నాయనా?"

"డాక్టరు ఆ కాలం డాక్టరు. నువ్వు కొత్తగా కనిపెడితివి కదా. ఆకలైతే లోపలుండే చెత్తంతా అదే తినేస్తాదని. షుగరు చెత్త కాదా?"

నేను చెప్పింది అది కాదని చెప్పాను. కణం చెత్తను ఏరుకుని తినదు, మంచిదాన్ని కూడా తింటుందన్నాను. ఎక్కువ రోజులు మాడ్చితే చచ్చిపోతుందన్నాను. ఈస్టుకు గుండె లేదు, మెదడు లేదు, షుగరు మాత్ర అంతకన్నా లేదన్నాను. ఆయన ఓపిగ్గా విని, "అట్లైతే పేపరోళ్లు ఏంటికి రాస్తారు?" అన్నాడు. బేకరీలో పొద్దుటి పేపరు చింపి సాయంత్రం బిస్కట్లు పొట్లం కట్టే మనిషి ఆయన. ఆయనే ఆ మాట అన్నాడు.

మాటలతో కాదు, కళ్లకు చూపించాలనుకున్నాను. అదీ నా తెలివి. ఒక ఆదివారం ఆయనను ధర్మవరం తీసుకుపోయాను. బీరువా తాళం కోసం ప్రిన్సిపాలుకు అంతకు ముందే అర్జీ పెట్టి, కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. బెంగుళూరు ల్యాబు నుంచి తెచ్చుకున్న ఒక రకం ఈస్టు నా దగ్గర ఉంది. దాని రిక్తికలో అరగదీసే ఎంజైములు ఉండవు. ఆకలికి మాడ్చితే మూటలు వచ్చి సంచిలో పడతాయి గానీ అరగవు. లోపల ఇరుక్కుని గంతులేస్తూ ఉంటాయి. మామూలు మైక్రోస్కోపులో కూడా కనబడతాయి. వాటి పక్కనే ఎక్కువ రోజులు మాడ్చిన అదే రకం కణాలకు నీలం రంగు వేసి ఇంకో గాజుపలక మీద పెట్టాను. బతికిన కణం ఆ రంగును తనలో నిలవనీయదు. చచ్చినది నీలంగా మారిపోతుంది. ఆ నీలం చూస్తే నాయన భయపడతాడని నా పథకం.

నాయన కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుని, ఒక కన్ను మూసి చూశాడు. చాలాసేపు కదల్లేదు. ముఖం పైకెత్తినప్పుడు చిన్నపిల్లాడి ముఖం.

"పాపా, లోపల చుక్కలు చుక్కలు ఎట్ల ఎగురుతాండాయో! ఇన్నేండ్లు పిండిలో పిసికి పొయ్యిలో పెట్టి కాల్చినా గదా, లోపల ఇంత ఉండాదని తెల్లేదు."

ఆ గదిలో నా పనిని చూసి ఆశ్చర్యపోయిన మొదటి మనిషి ఆయనే. కానీ నేను ఆయన్ను ఆశ్చర్యపరచడానికి పిలుచుకుని రాలేదు. రెండో పలక పెట్టాను. "ఈ నీలంగా ఉన్నవన్నీ తిండి లేక చచ్చిపోయినాయి నాయనా. చూడు."

చూశాడు. "పాపం. వీటికి అరిగేది లేదని నువ్వే అంటివి. నాకు బాగనే అరుగుతాది కదా" అన్నాడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదినా నయమే, వాడు కనీసం తప్పుగా వినడు. తిరుగు రైల్లో నాయన పక్కనున్న వాళ్లందరికీ ఎగిరే చుక్కల గురించి చెప్పాడు. పెనుకొండలో ఎక్కిన ఒకాయన "అవునా, ఆ పోస్టరులో మేడం మీ బిడ్డనా?" అని లేచి నాకు సీటు ఇచ్చాడు. నేను కూర్చోలేదు.

రంజాను వచ్చింది. నాయన తెల్లవారక ముందే లేచి, తిని, మాత్ర వేసుకుని ఒక్కపొద్దు పట్టాడు. నేను డాక్టరు దగ్గరికి పరుగెత్తితే, ఉండక తప్పదంటే మాత్ర తగ్గించాలి, వేళ మార్చాలి అన్నాడు. మనిషిని చూడకుండా తాను ఏమీ చెప్పలేనన్నాడు. నాయన రానన్నాడు. "ఏం కాదులే పాపా. నీ పుణ్యాన మళ్ల నలుగుర్లో తలెత్తుకోని తిరుగుతాండా." మొదటి రోజులు బాగానే గడిచాయి. బాగా గడవడమే నాకు ఎక్కువ భయం వేసింది. ఊరంతా మా అంగట్లోకి వచ్చి ఆయన్ను చూసిపోయేవారు. "సాయిబు బిడ్డ కనిపెట్టిన మందంట, మందే లేని మందంట" అని చెప్పుకునేవారు. బట్టల సేటు కూడా ఏకాదశి ఉపవాసం మొదలుపెట్టాడు. బన్నుకు బెంగుళూరు ఎందుకన్న పెద్దమనిషే.

ఒక సాయంత్రం రైలు దిగి అంగటికి వచ్చేసరికి గల్లా ముందు జనం. నాయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా మొత్తం తడిసిపోయింది. ఒకాయన రస్కులు అడిగితే ఈయన ఊరికే ఆయన ముఖంలోకి చూస్తున్నాడు. "ఒక్కపొద్దు కదా, అలిసినాడు పాపం" అని ఎవరో అన్నారు. నేను "నాయనా" అన్నాను. ఆయన నా వైపు తిరిగి "ఎవురు కావల్ల?" అన్నాడు.

చక్కెర డబ్బా చేతికి దొరికింది. గుప్పెడు తీసి నోట్లో పెట్టబోతే పళ్లు బిగించాడు. "ఇంకా... బాంగు... కాలేదు" అన్నాడు ముద్ద మాటలతో. నేనెవరో మరిచిపోయిన మనిషికి, ఒక్కపొద్దు విడిచే ముందు మసీదులో ఇచ్చే బాంగు సంగతి గుర్తుంది. బుగ్గ లాగి చిగుళ్లకు చక్కెర రుద్దాను. ఆయన నా చెయ్యి తోసేశాడు, నేను మళ్లీ రుద్దాను. జనం చుట్టూ నిలబడి చూస్తున్నారు. ఒక్కడూ చెయ్యి వేయలేదు. "ఒక్కపొద్దు ఇడిపిస్తాందే!" అని ఒకామె మాత్రం అనింది. ఆమెను నేను ఈనాటికీ క్షమించలేదు. చివరికి ఆటోలో వేసుకుని పక్క వీధి నర్సింగు హోముకు తీసుకుపోతే, గ్లూకోజు ఎక్కించాక ఆయనకు నేనెవరో తెలిసింది.

మరునాడు పొద్దున ఇంటికి తెచ్చుకున్నాం. మంచం మీద కూర్చోబెట్టి పాలు ఇస్తే పక్కన పెట్టాడు. "రేపట్నుంచి మళ్ల ఉంటా" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పాలగ్లాసు నేలకేసి కొడదామనుకున్నాను.

"నీకు చావాలని ఉండాదా నాయనా? ఈస్టు సంగతి నిజంగా నమ్మినావా నువ్వు?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "నమ్మలేదులే పాపా. నేను బేకరీవోణ్ణి, ఈస్టు కాదు. మొదట్లో ఒక సాకు దొరికిందని సంతోషపడినా, నిజమే. తర్వాత... ఊర్లో అందరికీ నీ పేరు తెలిసె. నీ ఫోటో తగిలించుకోని దాని కిందనే కూసోని నేను పగటి పూట అన్నం తింటే ఏమంటారు? ఆ యమ్మి నాయనే నమ్మల్యా, అంతా ఉత్తదే అంటారు. అంతమందిలో నీ చదువు ఉత్తది కాకూడదు. అంతే."

నేను కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడిపోయాను. ఊరి మీద, పేపరు మీద, రుద్రాక్షల మీద ఇన్నాళ్లూ పెంచుకున్న కోపం ఉంది. ఈ మనిషి మీద పెట్టుకోవడానికి చోటు లేదు. నేను చెప్పని మాటను నా మాటగా నిలబెట్టడానికి ఆయన ప్రాణం ఒడ్డుతున్నాడు. అది నా మాట కాదని మళ్లీ చెప్పినా లాభం లేదు, ఆయనకు తెలుసు. ఊరికి తెలియాలి. ఊరికి ఈస్టు వేరు, మనిషి వేరు అని చెప్పి అర్థం చేయించాలంటే నాకు ఇంకో జన్మ కావాలి.

ఆ సాయంత్రం అమ్మకు నాయన్ను అప్పగించి అంగట్లో నేనే కూర్చున్నాను. ఇఫ్తార్ ముందు వేళ, కాలు పెట్టే సందు లేదు. అప్పుడు పెనుకొండ వైద్యుడు దిగాడు, చేతిలో కమలాపండ్ల సంచి, వెనక విలేకరి. జనం దారి ఇచ్చారు.

"నాయనగారికి ఎట్ల ఉండాది మేడం? భయపడాల్సిందేమీ లేదు. లోపలుండే విషాలన్నీ కరిగి బయటికి వచ్చేటప్పుడు ఇట్లనే కళ్లు తిరుగుతాయి. అంటే పని చేస్తాందని గుర్తు. ఆగకుండా కొనసాగించల్ల" అన్నాడు, అందరికీ వినబడేటట్టు.

నోటి దాకా చాలా మాటలు వచ్చాయి. పొర గురించి, ఎంజైముల గురించి, ఎరువుల అంగడి గురించి. అన్నీ మింగేశాను. అవన్నీ చెప్తే జనం తలలూపుతారు, రేపు మళ్లీ నాయన ఒక్కపొద్దు ఉంటాడు. స్టూలు మీదికి ఎక్కి నిలబడ్డాను.

"అందరూ వినండి. నేను చెప్పింది తప్పు" అన్నాను.

గోల ఆగిపోయింది. వైద్యుడి నవ్వు అట్లాగే ముఖం మీద నిలిచిపోయింది. "అదెట్ల మేడం? పరిశోధన..."

"పరిశోధనే తప్పు. నాకు చేత కాలేదు. నేను చూసిందొకటి, అనుకున్నదొకటి. ఉపవాసంతో ఏ రోగమూ పోదు. నన్ను నమ్మి మా నాయన చావబోయినాడు. రాసుకోండి" అని విలేకరి వైపు చెయ్యి చూపాను.

ఈసారి అతను ఒక్క అక్షరం కూడా తప్పు లేకుండా రాసుకున్నాడు. ఊరికి పండగ వచ్చినంత పనైంది. చదువుకున్నవాళ్లు తప్పు చేశారంటే మన వాళ్లకు కలిగే ఆనందం పాయసం తాగినా కలగదు. "నేను అప్పుడే చెప్పినా, బన్నుకు పీహెచ్‌డీ ఏందని!" అని బట్టల సేటు తొడ చరిచాడు. "కొండను తవ్వి ఎలుకను పట్టె" అని ఇంకెవరో అందుకున్నారు. వైద్యుడు కమలాపండ్ల సంచితో సహా వెనక్కి వెళ్లిపోయాడు. ఎన్నో ఏళ్లు గాజుపూసలతో గిలకొట్టి, తిప్పి, కడిగి, ఉప్పుకు లొంగనిదని తేల్చుకున్న నా ఒకే ఒక్క నిజాన్ని రెండు నిమిషాల్లో నేనే కడిగేశాను. చెంప మీద దెబ్బలు పడినట్టు ఉండింది. అయినా స్టూలు దిగి, సమోసాలు పొట్లం కట్టి ఇచ్చాను.

ఇంటికి వెళ్లేసరికి సంగతి నాకంటే ముందే చేరింది. నాయన మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. కోపంగా ఉన్నాడు. ఆయనకు కోపం రావడం నేను అంతకు ముందు చూడలేదు.

"ఏంటికి అబద్ధం చెప్పినావు పాపా? ఆ ఎగిరే చుక్కలు నా కండ్లతో నేను చూసినా కదా. తప్పెట్ల అయితాది?"

"తప్పు కాదు నాయనా."

"మరి? అంతమందిలో నీ చదువును నువ్వే ఉత్తది చేసుకుంటివే!"

"నువ్వు తినల్ల కాబట్టి."

ఆయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు, ముక్కు తుడుచుకున్నాడు, కండువా మడిచి పక్కన పెట్టాడు. మరునాడు మిట్టమధ్యాహ్నం తెర వెనక్కి పోకుండా, అంగడి ముందర, వీధిలో పోయే వాళ్లందరికీ కనబడేటట్టు స్టూలు వేసుకుని కూర్చుని సంగటి తిన్నాడు. ఎవరో ఆగి "ఏమప్పా, ఒక్కపొద్దు లేవా?" అని అడిగారు.

"లేనప్పా. నా బిడ్డ వద్దనింది" అన్నాడు నాయన, ఇంకో ముద్ద పెట్టుకుంటూ.